పేరు చెప్పని ఈతగాడు

మల్లెట్ పాయింట్,
20 నవంబరు 1983.

ప్రియమైన ఊనా అక్కకు,

నువ్వు పంపిన ఎండుద్రాక్ష కేకు క్షేమంగా చేరింది. సుత్తి అవసరం లేకుండానే ముక్కలు చేయగలిగాం. బావగారికి నా నమస్కారాలు తెలియజేయి.

ఇక నీ కూతురి సంగతి. నిన్న జరిగిన కంచు పతకం పరీక్షలో మేవ్ నెగ్గింది. ఈత, పరుగు, ఊపిరి పోయడం, మునిగేవాణ్ణి తేలే రక్షణ బోర్డు మీదికి ఎక్కించడం, అన్నిటా నెగ్గింది. పదిహేనేళ్లు నిండిన మూడో వారానికే ఈ పరీక్ష దాటినవారు మా లైఫ్‌సేవింగ్ క్లబ్బులో ఇంతవరకు లేరు. కోబార్ ఎర్రమట్టిలో పుట్టి, గనివాళ్ల ఈతకొలను తప్ప మరో నీరెరగని పిల్ల రెండు నెలల్లో ఇంత సాధించిందంటే శిక్షకుడిగా నాకు కొంత గర్వం కలగడం సహజమే. గస్తీవాళ్లు పెట్టుకునే ఎరుపు పసుపు టోపీని క్లబ్బు ఆమెకు ఇచ్చింది. దాని తాళ్లు గడ్డం కింద ముడివేసుకునే రాత్రి సూపు తాగింది.

ఆమెకు ఇద్దరు స్నేహితులు కుదిరారు. ఒకడు చేపలు పట్టే కుటుంబంవాడు, నున్జియో. రెండోది రొట్టెల కొట్టువారి అమ్మాయి కోరల్. నేను క్లబ్బు గోడకు అంటించిన 'మునిగేవాడి పదకొండు లక్షణాలు' అనే పట్టికను ఈ ముగ్గురూ రాగం కట్టి పాడుతున్నారు. రాగం మర్యాదగా లేదు గానీ, ఒక్క లక్షణమైనా తప్పిపోవడం లేదు కనుక ఊరుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం నీ సలహా కావాలి. గత ఆదివారం క్లబ్బు కప్పు మీది స్తంభానికి జెండా బదులు అధ్యక్షుడు ఆల్ఫ్ గారి భార్య వంటింటి ఏప్రన్ ఎగిరింది. నేను విచారణ జరిపాను.

"మేవ్, ఆ ఏప్రన్ ఎవరు కట్టారో నీకు తెలుసా?"

"ఏ ఏప్రన్ మావయ్యా? పువ్వులదా, గళ్లదా?"

"పువ్వులది."

"అయితే తెలీదు."

కోబార్‌లో కూడా ఈమె ఇలాగే ఉండేదా?

నీ తమ్ముడు,
క్లైవ్


కోబార్,
2 డిసెంబరు 1983.

ఒరేయ్ క్లైవ్,

ఉండేదా అని అడుగుతున్నావా? పోయినేడు బడి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున తరగతి గదిలోకి పదకొండు మేకల్ని తోలింది నీ మేనకోడలే. అందులో ఒకటి హాజరు పట్టీ తినేసింది. ఆ ఏడాది మా ఊళ్లో ఎవరు బడికెళ్లారో దేవుడికే తెలియాలి.

అందుకే నీకొక సంగతి ముందే చెప్పాలి. దాన్ని సముద్రం దగ్గర ఉంచి చదివించడం మీ బావకు మొదటినుంచీ ఇష్టం లేదు. నేను నెలరోజులు పోరితే ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. దాని మీద ఒక్క ఫిర్యాదు వస్తే చాలు, మర్నాటి బస్సుకి తిరిగి రావాలి. మళ్లీ గొర్రెల మధ్యకి. దానికీ చెప్పాను. "చెయ్యి ఇవ్వు" అన్నాడు మీ బావ. ఇచ్చింది. అది చెయ్యి కలిపి మాటిచ్చిందంటే మరి కదలదురా, మన తాత కంచర గాడిద పోలిక. కాబట్టి ఏప్రన్లు ఎన్ని ఎగిరినా ఎగరనీ, కాగితం మీద మాత్రం పెట్టకు.

పతకం సంగతి చదివి పబ్బు వంటింట్లో నిలబడే ఏడ్చాను. ఉల్లిపాయలు తరుగుతున్నానని అందరికీ చెప్పాను. క్రిస్మస్‌కి ఇక్కడ డెబ్భై మందికి వండాలి, నేను రాలేను. మీ ఇద్దరూ రొయ్యలు తినండి, నా వంతూ తినండి.

అవునూ, నీ సంగతేంటి? ఏటా నవంబరులో నువ్వూ పరీక్ష ఈదుతావు కదా, నాలుగు వందల మీటర్లు. "ఏడు నిమిషాల యాభై రెండు సెకన్లు" అని నాకు అణాపైసలతో రాసేవాడివి. పోయినేడూ రాయలేదు, ఈ ఏడూ రాయలేదు. గడియారం పోయిందా?

మీ అక్క,
ఊనా


మల్లెట్ పాయింట్,
16 జనవరి 1984.

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరాన్ని నాలుగు సార్లు చింపి ఐదోసారి రాస్తున్నాను.

ఈ నెల పన్నెండు, గురువారం, ఉదయం ఆరుంబావుకు, అంటే గస్తీ మొదలవడానికి దాదాపు మూడు గంటల ముందు, మేవ్, నున్జియో, కోరల్ ముగ్గురూ క్లబ్బు షెడ్డు తాళం విరగ్గొట్టారు. అనుమతి లేకుండా రక్షణ బోర్డును నీళ్లలోకి దించారు. ఉత్తరపు కొసన సముద్రంలోకి లాక్కుపోయే నీటిపాయలో చిక్కుకున్న ఒక ఈతగాణ్ణి ఒడ్డుకు చేర్చామని వారి వాదన. ఈతగాడు క్షేమం. కృతజ్ఞతలు చెప్పి, పేరు చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆరున్నరకు ఆల్ఫ్ గారు కుక్కను తిప్పడానికి వచ్చి, విరిగిన తాళాన్నీ, తడిసిన బోర్డునూ, ఈ ముగ్గురినీ చూశారు. ఈతగాణ్ణి మాత్రం చూడలేదు.

"మునిగినవాడే లేకపోతే మీరు తీసింది ఎవర్నిరా?"

"ఒకాయన్ని."

"పేరు?"

"చెప్పం."

"తెలీదా, చెప్పరా?"

"చెప్పం అన్నాం కదండీ."

క్లబ్బు నిబంధనల పుస్తకంలో నాలుగో నిబంధన ప్రకారం, కెప్టెన్ అనుమతి లేకుండా షెడ్డు తెరిచినవారు టోపీ తిరిగి ఇచ్చి క్లబ్బు వదలాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఆ నిబంధన వర్తించదు. అయితే ప్రాణాపాయం ఉందని చెప్పడానికి ప్రాణం ఉన్న మనిషి ఒకడు కనబడాలి. ఆ నిబంధన రాసింది నేనే. ఫిబ్రవరి పదిన కార్యవర్గం కూర్చుని తేలుస్తుంది. నివేదిక రాసే బాధ్యతను నాకే అప్పగించారు.

కాగితం మీద పెట్టవద్దని నువ్వు రాశావు. కానీ ఆల్ఫ్ గారు బావగారికి స్వయంగా ఉత్తరం వేశారు. కనుక నా నుంచి కూడా తెలియడం ధర్మమని రాస్తున్నాను. పదో తేదీ దాకా బస్సు మాట తలపెట్టవద్దని బావగారికి నా మనవి.

క్లైవ్

తా.క. నాకు గట్టిగా జలుబు చేసింది. పన్నెండో తేదీ నుంచి నా చారల పైజమా కూడా కనిపించడం లేదు.


కోబార్,
21 జనవరి 1984.

క్లైవ్,

ఆల్ఫ్ ఉత్తరం నీదానికంటే రెండు రోజుల ముందే వచ్చింది. మీ బావ అది చదివి మడిచి, గడియారం వెనక పెట్టాడు. ఆ మనిషి ఏ కాగితాన్నైనా అక్కడ పెట్టాడంటే నిర్ణయం అయిపోయినట్టే.

మేవ్‌కి ఫోన్ చేశాను. "ఎవరే ఆ మనిషి?" అన్నాను. "మాటిచ్చానమ్మా" అంది. "బస్సెక్కిస్తానే" అన్నాను. "ఎక్కించు" అంది. గొంతు వణికింది క్లైవ్. మేకల రోజున, వాళ్ల నాన్న బెల్టు తీసినప్పుడు కూడా వణకలేదు.

కాబట్టి నీకు పట్టికలంటే ఇష్టం గనక నేనూ ఒకటి వేశాను. వరసగా జవాబులు రాయి:

ఒకటి, ఆ ఈతగాడి వయసెంత?
రెండు, ఎలా ఉంటాడు?
మూడు, అందగాడా?
నాలుగు, తొమ్మిదో ఏటినుంచీ అయిదింటికే లేచి ఊరిమీద పడే నా తమ్ముడు, ఆ గురువారం ఆరుంబావుకి ఎక్కడున్నాడు?
అయిదు, జనవరి నడిమధ్యలో, మన దేశపు నడివేసవిలో, కాకులు కూడా ఎండకి నోరు తెరిచే రోజుల్లో, ఎవడికిరా జలుబు చేసేది?

ఊనా


మల్లెట్ పాయింట్,
27 జనవరి 1984.

అక్కా,

నీ ప్రశ్నలకు వరుస క్రమంలో సమాధానాలు:

ఒకటి. నడివయస్కుడు.

రెండు. దృఢకాయుడు. నడుము దగ్గర ఆ దృఢత్వం కాస్త సడలింది.

మూడు. చూడ్డానికి ఫరవాలేదు.

నాలుగు. ఇక్కడ కలం ఆగింది. లేచి వెళ్లి టీ పెట్టుకుని వచ్చాను. నీళ్లలో ఉన్నానక్కా. అయిదో ప్రశ్నకు కూడా అదే జవాబు.

మొత్తం రాస్తాను. ఏటా ఈదవలసిన నాలుగు వందల మీటర్లను తొమ్మిది నిమిషాల్లో పూర్తి చేయాలి. ముందటేడు నవంబరులో నాకు తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లు పట్టింది. మొన్న నవంబరులో తొమ్మిదీ ఇరవై. గడియారం నా చేతిలోనే ఉంటుంది, సమయాలు రాసే పుస్తకం కూడా నా చేతిలోనే ఉంటుంది. అబద్ధం రాయలేదు. కానీ నా పేరు ఎదుట గడిని రెండేళ్లుగా ఖాళీగా వదిలాను. 'వీలు చూసుకుని మళ్లీ ఈదుతాను' అని నాకు నేను చెప్పుకున్నాను. అందుకే ఎవరూ లేవకముందే వెళ్లి సాధన చేస్తున్నాను.

ఆ రోజు నేను చేసిన పని, ఈత బొత్తిగా రానివాడు చేయడు. మా వంటివాళ్లే చేస్తారు. లాగుడు పాయ మనిషిని శ్రమ లేకుండా లోపలికి తీసుకుపోతుంది. లైఫ్‌సేవర్లు ఎవరినైనా తీయడానికి వెళ్లేటప్పుడు దాన్నే బండిలా ఎక్కుతారు. 'అలలు లేచే చోటు దాకా ఈ బండి మీద పోయి, పక్కకు దిగి, తీరికగా తిరిగి వద్దాం' అనుకున్నాను. నేనే పాతిన 'ఇక్కడ ఈత ప్రమాదం' అనే పలక పక్కనుంచే దిగాను. బండి ఎక్కాను. దిగవలసిన చోటు దాటిపోయింది. అప్పుడు పక్కకు ఈదాలి. పదహారేళ్లుగా నేను పిల్లలకు చెబుతున్న మొదటి పాఠం అదే. నేను తిన్నగా ఒడ్డు వైపే ఈదాను. నీళ్లు నన్ను వెనక్కే తోశాయి. ఇంకా గట్టిగా ఈదాను. చెయ్యి ఎత్తి సాయం అడగాలని తోచింది. ఎత్తితే ఎవరైనా చూస్తారేమోనని ఎత్తలేదు. నవ్వు వస్తే నవ్వుకో.

ఆ వేళకు ఆ ముగ్గురూ క్లబ్బు కప్పు మీద ఉన్నారు. జెండా స్తంభానికి నా చారల పైజమా కడుతున్నారు. అంత ఎత్తు నుంచి కనుక నేను కనిపించాను. ఇసుక మీద ఉండి ఉంటే అలల వెనక నా తల ఎవరికీ కనిపించేది కాదు.

బోర్డు మీద మేవ్ వచ్చింది. మిగతా ఇద్దరూ ఈదుకుంటూ దాని వెనకే వచ్చారు.

"మావయ్యా, చెయ్యి ఎత్తు!"

"నాకేం కాలేదు. వ్యాయామం చేస్తున్నాను."

"పదకొండు లక్షణాల్లో తొమ్మిది అయిపోయాయి. మిగతా రెండూ అయ్యాక నువ్వు మాట్లాడలేవు. బోర్డు పట్టుకో!"

పట్టుకోవడానికి కూడా వేళ్లలో బలం లేదని అప్పుడే తెలిసింది. నున్జియో నా నడుము కింద భుజం పెట్టి తోశాడు. "మా నాన్న ట్యూనాని ఎక్కించడానికి కూడా ఇంత కష్టపడడు సార్" అన్నాడు. కోరల్ నా గడ్డం పైకెత్తి పట్టుకుంది. "కదలకండి సార్. ముప్పై రెండో పేజీలో ఉంది. ఎవరు రాశారో గానీ చక్కగా రాశారు." అది నేను రాసిన శిక్షణ పుస్తకమే. వాళ్లు నవ్విస్తున్నారనుకున్నాను. తర్వాత చూస్తే ముగ్గురి పెదాలూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. భయంతో మాట్లాడుతూనే ఉన్నారు, అంతే.

ఇసుక మీద అరగాలన్ నీళ్లు కక్కాను. కక్కి, నేను అన్న మొదటి మాట ధన్యవాదం కాదు. "ఎవరికీ చెప్పకండి" అన్నాను. మేవ్ నా ముఖంలోకి చూసింది. తర్వాత కప్పు మీదికి చూసింది. పైజమా రెపరెపలాడుతోంది.

"అయితే నువ్వూ అది చూడలేదు."

"చూడలేదు."

"చెయ్యి ఇవ్వు."

ఇచ్చాను. ముగ్గురికీ ఇచ్చాను. వాళ్లు వెళ్లి పైజమా దింపారు. నేను ఇసుక దిబ్బల వెనకకు వెళ్లి, పొడి చొక్కా వేసుకుని, తడి జుట్టు దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు పావు తక్కువ ఏడుకు దారిలోంచి నడిచి వచ్చాను. అప్పటికే ఆల్ఫ్ గారు వాళ్లను నిలదీస్తున్నారు. "సరిగ్గా వచ్చావు క్లైవ్! కాగితం తియ్యి" అన్నారు. తీశాను.

నిజం చెబితే పోయేవి: శిక్షకుడి పదవి, పుస్తకం మీద నా పేరు, గోడ మీది పట్టిక, పదహారేళ్లు. చెప్పకపోతే పోయేది ఒక్కటే, మేవ్. ఈ లెక్క రోజూ వేస్తున్నాను. జవాబు ప్రతిసారీ ఒకటే వస్తున్నా, కలం నివేదికలోని పేరు గడి దగ్గరికి వెళ్లేసరికి ఆగుతోంది.

క్లైవ్


కోబార్,
1 ఫిబ్రవరి 1984.

ఒరేయ్,

ముందు చెప్పేస్తాను, నవ్వాను. 'చూడ్డానికి ఫరవాలేదు' దగ్గర ఎంత నవ్వానంటే పబ్బులో బేరాలు ఆగిపోయాయి. ట్యూనా దగ్గర పొయ్యి మీది గ్రేవీ మాడింది. ఆ తర్వాత అరగాలన్ నీళ్ల మాట చదివాను. ఇక నవ్వు రాలేదు. ఉల్లిపాయల సంచి మీద కూర్చుండిపోయాను. నాకున్నది ఒక్క తమ్ముడేరా వెధవా.

ఇప్పుడు విను. ఆ ముగ్గురి నోళ్లకీ ముడి వేసింది నీ చెయ్యి. అది విప్పడం వాళ్ల చేతుల్లో లేదు. నా చేతుల్లో కూడా లేదు. మేవ్ చెప్పదు. బస్సెక్కి, పన్నెండు గంటలు కిటికీలోంచి చూస్తూ వచ్చి, గొర్రెల్లో కూర్చుని కూడా చెప్పదు. నేను ఆల్ఫ్‌కి రాయను. మీ బావకి చెప్పను. నీ ఉత్తరాన్ని పిండి డబ్బాలో దాచాను.

పదకొండో తేదీ శనివారం బస్సుకి మీ బావ ఒక సీటు చెప్పేశాడు. అది ఎక్కాలా వద్దా అన్నది నువ్వు తేల్చు. ఈ ఉత్తరానికి జవాబు రాయకు. రాయడంలో నువ్వు గట్టివాడివి, ఆ సంగతి నాకు తెలుసు. ఈసారి నోటితో చెప్పు.

ఊనా


మల్లెట్ పాయింట్,
13 ఫిబ్రవరి 1984.

ప్రియమైన ఊనా అక్కకు,

బావగారు చెప్పిన సీటు ఖాళీగా వచ్చి ఉంటుంది. ఈపాటికి ఆల్ఫ్ గారి రెండో ఉత్తరం కూడా అంది ఉంటుంది. అందులో లేనివి నేను రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం క్లబ్బు హాలు నిండిపోయింది. నున్జియో వాళ్ల నాన్న పడవ మీదనుంచి తిన్నగా రబ్బరు బూట్లతోనే వచ్చాడు. ఆల్ఫ్ గారు గొంతు సవరించుకుని, "ఆఖరిసారి అడుగుతున్నాను. ఈతగాడి పేరు?" అన్నారు. మేవ్ గడ్డం కింద ముడి విప్పుకుంది. చాలాసేపు పట్టింది. ముడి గట్టిగా పడింది కాబోలు. టోపీని బల్ల మీద పెట్టింది. మిగతా ఇద్దరూ పెట్టారు.

నేను లేచాను. మూడు పేజీల ప్రసంగం రాసుకుని తెచ్చాను. అది జేబులోంచి బయటకు రాలేదు. "ఆ ఈతగాణ్ణి నేనే" అన్నాను.

అప్పుడు ఒక గొంతు వినిపించింది.

"అబద్ధం!"

అది మేవ్.

"మావయ్య మమ్మల్ని కాపాడ్డానికి అబద్ధం చెప్తున్నాడండీ. ఆయన మునగడం ఏంటి? ఆయనే కదా పుస్తకం రాసింది!"

"అసలు ఆయన ఆ పక్కకే వెళ్లరు" అంది కోరల్. "పలక కూడా పాతారు."

"మేం తీసినాయన సన్నంగా ఉన్నాడు" అన్నాడు నున్జియో. ఇది వాడు దయతో అన్న మాట.

జనం కరిగిపోయారు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఆల్ఫ్ గారు కళ్లు తుడుచుకుని, "క్లైవ్, నీ మనసు గొప్పదయ్యా. కూర్చో" అన్నారు. అక్కా, సముద్రంలో కూడా నాకు అంత ఊపిరాడని స్థితి కలగలేదు. ఒక్క క్షణం, దాచడం ఎందుకు, కూర్చుందామనే అనిపించింది. నా పరువు దక్కుతుంది, గొప్పవాడినన్న పేరు కూడా వస్తుంది. టోపీలు మాత్రం బల్ల మీదే ఉంటాయి.

కూర్చోలేదు. నేను మునిగానని నిరూపించడానికి, నన్ను తీసినవాళ్లతోనే వాదించవలసి వచ్చింది. నేను చేసిన తప్పులను ఒకటొకటిగా వరసగా చెప్పాను. గడియారం సంగతి, రెండు ఖాళీ గడుల సంగతి చెప్పాను. చివరకు మేవ్ దగ్గరకు వెళ్లి చెయ్యి చాచాను.

"మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు చెప్పొచ్చు."

ఆమె నా చేతిని చూసింది, ముఖాన్ని చూసింది.

"మొత్తమా?"

"మొత్తం."

"అయితే పైజమా కూడా చెప్పెయ్యాలా?"

ఆ తర్వాత హాల్లో పావుగంట సేపు ఎవరికీ ఎవరి మాటా వినబడలేదు. నున్జియో వాళ్ల నాన్న బూట్లతో నేలను తన్నుతూ నవ్వాడు. నా ముఖం మండింది. కానీ ఆశ్చర్యం, ఆ మంటతో ఎవరూ చావరు.

తీర్పు: ముగ్గురికీ టోపీలు తిరిగి ఇచ్చారు. ప్రాణాపాయం ఉన్నందున తాళం విరగ్గొట్టడం నేరం కాదు. పైజమా మాత్రం నేరమే, దానికి నెల రోజులు షెడ్డు ఇసుక ఊడవాలి. నా టోపీని నేనే బల్ల మీద పెట్టాను. ఎవరూ వద్దనలేదు. వద్దంటారని కొంత ఆశించాను. తొమ్మిది నిమిషాల్లో ఈదేదాకా నాకు గస్తీ లేదు, శిక్షణ లేదు. అంతవరకు ఆదివారాలు చిన్నపిల్లల గుంపులో చేరి మొదటినుంచి నేర్చుకోవాలి. ఆ గుంపుకు ఈ ఏడాది శిక్షకురాలు మేవ్. ఈ శిక్ష కనిపెట్టింది కూడా ఆమే.

నిన్న మొదటి పాఠం. ఏడేళ్లవాళ్లు పదిహేడు మంది, నేను. ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టింది. "చివరాయనా, పొట్ట లోపలికి!" అని అరిచింది. తర్వాత ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని మోకాలి లోతు దాకా వెళ్లాలంది. నాకు జతగా పళ్లూడిన ఒక పిల్ల వచ్చింది, ముక్కుకు ఎండ తగలకుండా తెల్లటి పూత పూసుకుని. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా మునిగింది?"

"నేనే."

"భయమేస్తే చెప్పు. నేను మేవ్ అక్కని పిలుస్తా."

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగింది.

చెప్పాను.

నీ తమ్ముడు,
క్లైవ్